అటక మీది రికార్డులకు కొత్త ప్లేయరు కొంటున్నారా?

మీ ఇంట్లో అటక మీద పాత గ్రామఫోను రికార్డులున్నాయా? పాత సామాన్లవాడికి వేసెయ్యకండి. అలాగని చవగ్గా దొరికిందని ఏదో ఒక ప్లేయరు తెచ్చి వాటి మీద ముల్లు పెట్టెయ్యకండి. ఆ పొరపాటు మా ఇంట్లోనే జరిగింది.

మా మామగారికి రికార్డులంటే ప్రాణం. ఆయన పోయాక ఆ పెట్టె అటకెక్కింది. పోయినేడు అత్తయ్యగారు "ఒక్కసారి ఆయన రికార్డులు వినిపించవే అమ్మాయ్" అన్నారు. మావాడు సూట్‌కేసులా మూసిపెట్టుకునే చిన్న ప్లేయరు తెచ్చాడు. చూడ్డానికి ముచ్చటగా వుంది. 1963లో వచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ సుప్రభాతం పెట్టాం. గొంతు కాస్త సాగుతూ, వణుకుతూ వినిపించింది. అయినా రోజూ పెట్టాం. రెండు నెలలకల్లా ఒకటే గరగర. "నా చెవులే పాడయ్యాయేమోనే" అన్నారు అత్తయ్యగారు. పాడైంది చెవులు కాదు, రికార్డు! ఆ తర్వాత రిపేరు షాపాయన్ని అడిగి తెలుసుకున్నవే మీకు చెబుతున్నాను.

ముల్లు ముఖ్యం

ముల్లు గాడిని ఎంత బరువుతో నొక్కుతుందో ముందు అడగండి. చవక రకాల్లో సెరామిక్ కార్ట్‌రిడ్జ్ వుంటుంది, బరువు 5 గ్రాముల దాకా పడొచ్చు. మంచివాటిలో వుండే మూవింగ్ మ్యాగ్నెట్ రకానికి 2 గ్రాములు చాలు. చేతి వెనకవైపు గుండు తిప్పి, త్రాసు సరిచేసినట్టు ఈ బరువు సరిచేసుకోవచ్చు. మరీ తగ్గించినా ముల్లు ఎగిరి గాడిని కొడుతుంది. కంపెనీవాళ్ళు చెప్పినంతే పెట్టాలి. మంచి ముల్లయినా 500 నుంచి 1000 గంటలకు అరుగుతుంది. విడి ముల్లు దొరుకుతుందో లేదో కొనేముందే కనుక్కోండి.

బెల్టా, డైరెక్టా?

బెల్టు రకంలో మోటారు పక్కన వుండి, కుట్టు మిషనులా రబ్బరు బెల్టుతో పళ్ళేన్ని తిప్పుతుంది. మోటారు అదురు పాటలో అంతగా వినిపించదు. కొన్నేళ్ళకి బెల్టు సాగితే మార్చుకోవాలి. డైరెక్ట్ రకంలో మోటారు పళ్ళెం కిందే వుంటుంది. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఈ రకమే. ఇంట్లో వినడానికి రెండూ మంచివే. పళ్ళెం మాత్రం బరువుగా వుండాలి. తిరగలి రాయి బరువుగా వుంటేనే కదా నిలకడగా తిరిగేది! మా మొదటి ప్లేయరు పళ్ళెం అప్పడంలా తేలిక. గొంతు వణికింది అందుకే.

ఇవి మరచిపోకండి

* కొత్త ప్లేయర్లు చాలావరకు 33, 45 వేగాలతోనే తిరుగుతాయి. తాతల నాటి 78 లక్క రికార్డులుంటే ఆ వేగమూ కావాలి, వాటికి వెడల్పాటి వేరే ముల్లూ కావాలి.
* ముల్లు నుంచి వచ్చే శబ్దం చాలా చిన్నది. మీ యాంప్లిఫయరుకి 'ఫోనో' అని రాసిన రంధ్రం లేకపోతే, ఫోనో ప్రీయాంప్ లోపలే వున్న ప్లేయరు తీసుకోండి.
* ప్లేయరు పెట్టే బల్ల కదలకూడదు. మేస్త్రీల రసమట్టంతో మట్టం చూసుకోండి. స్పీకర్లు అదే బల్ల మీద పెట్టకండి.
* రికార్డుని చీరచెంగుతో తుడవకండి, సన్నటి గీతలు పడతాయి. కార్బన్ ఫైబర్ బ్రష్షు వాడండి. రికార్డుల్ని ఎండ తగలని చోట నిలువుగా పేర్చండి.

పోయిన దసరాకి చీరలు మానేసి బెల్టు రకం ప్లేయరు కొన్నాం. సుప్రభాతం గరగర మాత్రం పోలేదు. ఒకసారి దెబ్బతిన్న గాడిని ఎంత ఖరీదు ప్లేయరూ బాగుచెయ్యలేదు. మిగిలిన రికార్డులు దక్కాయి. ఘంటసాలగారి భగవద్గీత పెట్టగానే అత్తయ్యగారు "ఆయన కుర్చీ ఇలా దగ్గరికి జరపవే" అన్నారు.

ప్లేయరు ఇవాళ కాకపోతే రేపు కొనుక్కోవచ్చు, రికార్డు మళ్ళీ దొరకదు. డబ్బు సరిపోకపోతే ఇంకో ఆర్నెల్లు ఆగండి. అంతవరకూ ఆ పెట్టె తెరవకండి.