ఆరడుగుల దూరం కుదరని కొలువు!

కరోనా రోజుల్లో మనమంతా ఆరడుగులు ఎడంగా జరిగాం. మరి అన్నం తినిపించాలన్నా, మంచం మీంచి చక్రాల కుర్చీలోకి దించాలన్నా ఆరడుగుల చేతులు ఎవరికుంటాయి? వృద్ధులకు, వికలాంగులకు, రోగులకు సేవచేసే చేతుల చుట్టూ తిరిగే వింతలివి. కాస్కోండి!

ఆపరేషన్ గదిలో రబ్బరు గ్లవ్స్ కథ రోగి కోసం కాదు, నర్సు కోసం మొదలైందని మీకు తెలుసా? 1889-90 చలికాలం. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి. క్రిమినాశక ద్రావణం పడక నర్సు కరోలిన్ హాంప్టన్ చేతులు దద్దుర్లెక్కాయి. సర్జన్ విలియం హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ కంపెనీతో పల్చటి గ్లవ్స్ చేయించాడు. 1890లో ఆమెనే పెళ్లాడాడు. ముందు తొడుగు, తర్వాత ఉంగరం!

మనిషి గంటకు ఎన్నిసార్లు ముఖం తడుముకుంటాడో మీకు తెలుసా? ఆస్ట్రేలియాలో 26 మంది వైద్య విద్యార్థులను వీడియో తీసి లెక్కపెడితే, సగటున 23 సార్లు! కాబోయే డాక్టర్లే అలా ఉంటే ఇక మనమెంత? నిజం చెప్పండి, ఇప్పుడు మీ చెయ్యెక్కడుంది?

పీపీఈ కిట్ తొడుక్కోవడం కన్నా విప్పడమే గండమని మీకు తెలుసా? వైరస్ అంటుకునేది బయటివైపే మరి. అందుకే విప్పడానికీ ఓ వరుసుంది: గ్లవ్స్ ముందు, మాస్కు ఆఖర్న. పద్మవ్యూహమే అనుకోండి. లోపలికెళ్లడం అభిమన్యుడికీ వచ్చు!

చక్రాల కుర్చీ ప్లాస్టిక్ పిడి మీద కరోనా వైరస్ ఎంతసేపు బతకగలదో మీకు తెలుసా? ల్యాబ్ పరీక్షల్లో ప్లాస్టిక్ మీద 72 గంటల దాకా కనిపించింది. రాగి మీద మాత్రం 4 గంటలకే చాప చుట్టేసింది. అమ్మమ్మ రాగి చెంబు మీసం మెలేస్తోంది!

నోటికి కిటికీ ఉన్న మాస్కులు వచ్చాయని మీకు తెలుసా? పెదాల కదలిక చూసి మాట పట్టుకునే బధిరులకు మామూలు మాస్కు మూసిన తలుపే. అందుకే మధ్యలో పారదర్శకమైన ముక్క కుట్టారు. ఒక్కటే చిక్కు: ఊపిరి ఆవిరి పట్టిందా, మాటకు మబ్బు కమ్మినట్టే!

డ్యూటీకెళ్లి 47 రోజులు ఇంటికి రాని వాళ్లున్నారని మీకు తెలుసా? ఫ్రాన్స్‌లో లియోన్ దగ్గరి విలనోవా వృద్ధాశ్రమంలో, 2020 మార్చి 18 నుంచి సిబ్బంది కొందరు 106 మంది పెద్దలతో పాటు లోపలే తలుపులు వేసుకున్నారు. నేల మీద పరుపులేసుకుని పడుకున్నారు. మే 4న తలుపులు తీసేసరికి ఆశ్రమంలో కేసులు... సున్నా!

ఛాతీకి తమ ఫొటో అతికించుకుని పనిచేసినవాళ్ల సంగతి మీకు తెలుసా? ఎబోలా కాలంలో లైబీరియాలో మేరీ బెత్ హెఫర్‌నన్ అనే కళాకారిణి ఆలోచన ఇది. ముసుగు వెనక ఎవరున్నారో తెలియక రోగులు హడలిపోకుండా, నవ్వుతున్న ఫొటో! 2020లో మళ్లీ వాడారు. ఆధార్ ఫొటో అయితే రోగి ఇంకా హడలేవాడేమో!

మన ఆశా కార్యకర్తలు దాదాపు 10 లక్షల మందని మీకు తెలుసా? ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు ఆరా తీసి రిజిస్టర్లో రాసుకున్నది వీళ్లే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డిచ్చింది. మరి సర్కారు లెక్కల్లో వీళ్లు ఎవరో మీకు తెలుసా? ఉద్యోగులు కారు, వాలంటీర్లు! అందరికీ దగ్గరగా వెళ్లిన ఆశమ్మకు ఆరడుగుల దూరం పాటించింది జీతమొక్కటే!