కలత చెందిన హృదయం – ఇస్లాం చూపిన ఊరట

పరీక్షల కాలం సమీపించినదంటే మన కళాశాల వరండాలలో అందరికంటె ఎక్కువగా వినిపించే మాట "ఫికర్ మత్ కర్" అన్నది. ఉర్దూ మాధ్యమం వారైనా, తెలుగు మాధ్యమం వారైనా ఈ మాటను ఒకరికొకరు ధారాళంగా పంచుకొంటారు. చెప్పేవారి మనస్సు మంచిదే. కాని ఆ మాట విని నిశ్చింతగా నిద్రపోయిన విద్యార్థిని నేను ఇంతవరకు చూడలేదు.

కొన్ని సంవత్సరాల క్రిందట డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి జుహర్ నమాజు ముగిసిన తరువాత నా వద్దకు వచ్చి, చాలసేపు తల వంచుకొని కూర్చున్నాడు. మూడు వారాలుగా తనకు నిద్ర లేదన్నాడు. పుస్తకం తెరిస్తే గుండె దడదడలాడుతున్నదనీ, అరచేతులు చెమటతో తడిసిపోతున్నాయనీ, జమాఅత్‌లో నిలబడితే ఊపిరాడక అక్కడే పడిపోతానేమోనని భయం కలుగుతున్నదనీ చెప్పాడు. వీటన్నిటికంటె అతనిని ఎక్కువగా బాధిస్తున్న విషయం మరొకటి ఉన్నది. విశ్వాసికి ఇటువంటి భయం ఉండరాదు కదా, తన ఈమాన్‌లోనే ఎక్కడో లోపం ఏర్పడినదని అతని అనుమానం. నేను అందరు పెద్దలూ చెప్పే మాటే చెప్పాను. నమాజు మానవద్దన్నాను, భారం అల్లాహ్ మీద వేయుమన్నాను, అన్నీ సర్దుకొంటాయన్నాను. "జీ సార్" అని లేచి వెళ్ళిపోయాడు. తరువాత రెండు మాసాలు కళాశాలకు రాలేదు. ఆ సంవత్సరం పరీక్ష కూడ వ్రాయలేదు.

నేను చెప్పినదానిలో అసత్యం ఏదీ లేదు. అయినా, అప్పటికే ఐదు పూటలా నమాజు చేస్తున్న ఆ బాలుడు నా మాటలనుండి గ్రహించినది ఏమిటి? నమాజు చేస్తున్నా కలత పోలేదు కనుక తన అనుమానమే నిజమైనదని. ఆనాడు అతనికి చెప్పవలసి ఉండీ చెప్పలేకపోయిన విషయాలనే ఈ వ్యాసంలో వ్రాస్తున్నాను.

మొదటి ప్రశ్న, భయపడడం విశ్వాసానికి విరుద్ధమా? దివ్య ఖుర్ఆన్‌ను తెరిచి చూచినవారికి ఈ సందేహం నిలువదు. మాంత్రికులు త్రాళ్ళను, కర్రలను విసరి వాటిని పాములుగా భ్రమింపజేసినపుడు మూసా ప్రవక్త మనస్సులో భయం కలిగినదని తాహా సూరా స్పష్టంగా చెబుతున్నది. పసిబిడ్డను నదిలో విడిచిన ఆయన తల్లి హృదయం శూన్యమైపోయినదనీ, దైవమే ఆమె గుండెను దృఢపరచకపోతే రహస్యాన్ని బయటపెట్టి ఉండేదనీ మరొక సూరాలో ఉన్నది. ఆ స్థితిలోనే ఆమె తన కుమార్తెను పిలిచి, బిడ్డ కొట్టుకొనిపోతున్న జాడను కనిపెట్టుమని పంపినది. యూసుఫ్ కోసం దుఃఖించి యాఖూబ్ ప్రవక్త కన్నులు తెల్లబడిపోయినవి. కుమారులు ఆయనను నిష్ఠూరమాడారు. ఆయన తన వేదనను అల్లాహ్‌తోనే చెప్పుకొంటున్నానని బదులిచ్చి, వెంటనే ఆ కుమారులనే యూసుఫ్‌ను వెదకి రమ్మని, నిరాశ చెందవద్దని పంపాడు. ఇక మర్యమ్ గాథ. ప్రసవవేదనతో ఖర్జూరపు మ్రాను చేరి, ఇంతకు ముందే మరణించి ఉంటే బాగుండునని ఆమె అన్నది. ఆ మాటకు ఆమెను ఎవరూ మందలించలేదు. దుఃఖించవద్దని ధైర్యం చెప్పి, క్రింద పారుతున్న సెలయేటిని చూపి, చెట్టు మొదలు పట్టి ఊపుమని, పండ్లు తిని నీరు త్రాగుమని చెప్పడం జరిగినది. ప్రసవవేదన పడుతున్న స్త్రీ ఊపితే ఖర్జూరపు మ్రాను ఎంత కదులుతుంది? అయినా ఆమె చేతనైనంత ఆమెను చేయుమన్నారు. ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు ఇదే స్ఫురిస్తుంది.

పై ఉదాహరణలలో భయం, దుఃఖం పాపాలుగా పేర్కొనబడలేదు. వాటిని అనుభవించినవారు సామాన్యులూ కారు.

ఈ విషయంలో మనకు మరింత సన్నిహితమైన సంఘటన క్రీ.శ. 610 లో హిరా గుహ తరువాత జరిగినది. తొలి దైవవాణి అవతరించిన పిమ్మట దైవప్రవక్త ముహమ్మద్ (స) వణకుతూ ఇల్లు చేరుకొని, తనకు దుప్పటి కప్పుమని కోరారు. తనకేమగునోనని భయంగా ఉన్నదని భార్య హజ్రత్ ఖదీజా (ర) తో అన్నారు. ఆ మహత్తర ఘట్టాన్ని మన పరీక్షల భయంతో పోల్చడం నా ఉద్దేశం కాదు. ఖదీజా (ర) ఓదార్చిన క్రమాన్ని మాత్రం గమనించవలసిందిగా కోరుతున్నాను. ఆమె మొదట దుప్పటి కప్పినది. వణకు తగ్గేవరకు ప్రశ్నలు వేయలేదు. తరువాత, మీరు బంధుత్వాన్ని కాపాడేవారు, బలహీనుల భారం మోసేవారు, అతిథులను ఆదరించేవారు కనుక దైవం మిమ్ములను అవమానం పాలు చేయడని, ఆయన జీవితంలోని యథార్థాలనే ఆయనకు గుర్తు చేసినది. అంతటితో ఆగక, పూర్వ గ్రంథాలు తెలిసిన తన బంధువు వరఖా బిన్ నౌఫల్ వద్దకు స్వయంగా వెంటబెట్టుకొని వెళ్ళినది. దేహానికి వెచ్చదనం, మనస్సుకు నిజమైన ధైర్యం, ఆపైన తెలిసినవారి సలహా. ఈ మూడింటిలో ఒక్కటైనా నేను ఆ విద్యార్థికి ఇవ్వలేదు.

దైవప్రవక్త (స) తరచు చేసే ఒక దుఆ బుఖారీ గ్రంథంలో ఉన్నది. అందులో ఆయన 'హమ్మ్' నుండి, 'హజన్' నుండి అల్లాహ్ శరణు వేడేవారు. హమ్మ్ అంటే రాబోయేదానిని గురించిన చింత, హజన్ అంటే జరిగిపోయినదానిని గురించిన దుఃఖమని పండితులు వివరించారు. అదే దుఆలో వాటి ప్రక్కనే అశక్తత, సోమరితనం, పిరికితనం, లోభం, అప్పుల భారం, మనుషుల దౌర్జన్యం పేర్కొనబడినవి. అప్పుతో నలిగే ఇంటిలో నిద్ర ఎట్లుండునో, పని వాయిదా వేసిన మనస్సు ఎట్లు పీకునో తెలిసిన ప్రార్థన అది. మన ఆందోళనలలో సగం ఈ జాబితాలోనే దొరకుతాయి.

ఇక 'తవక్కుల్'. ఈ పదాన్ని మనం వాడినంత తేలికగా మరే పదాన్నీ వాడమేమో! ఒంటెను కట్టివేసి దైవంపై భారం వేయవలెనా, లేక వదలివేసి దైవంపై భారం వేయవలెనా అని ఒక వ్యక్తి అడిగితే, కట్టి ఆపైన భారం వేయుమని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి తిర్మిజీ సంకలనంలో ఉన్నది. ఈ హదీసు మన విద్యార్థులందరికీ తెలుసు. దీనికి గొప్ప వ్యాఖ్యానం వంటి చారిత్రక ఘట్టం మాత్రం అంతగా తెలియదు. క్రీ.శ. 639 ప్రాంతంలో ఖలీఫా హజ్రత్ ఉమర్ (ర) సిరియా పర్యటనకు బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరేసరికి, ముందున్న ప్రాంతంలో ప్లేగు వ్యాపించినదని సేనాపతి అబూ ఉబైదా (ర) ఎదురేగి తెలిపారు. ఉమర్ (ర) ముహాజిర్లతో, అన్సార్లతో, ఖురైషు పెద్దలతో వేర్వేరుగా సంప్రదించి, వెనుకకు మరలవలెనని నిశ్చయించారు. దైవ నిర్ణయంనుండి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (ర) అడిగారు. తాను ఒక దైవ నిర్ణయంనుండి మరొక దైవ నిర్ణయం వైపునకే పోతున్నానని ఉమర్ (ర) సమాధానం. ఒక లోయకు పచ్చిక ఉన్న గట్టు ఒకటి, ఎండిన గట్టు ఒకటి ఉంటే, ఒంటెలను ఏ గట్టున మేపినా అది దైవ నిర్ణయమే కాదా అని ఆయన ప్రశ్నించారు. 2020 లో కరోనా కారణంగా మసీదులలో జమాఅత్‌లు నిలిచిపోయిన రోజులలో ఈ సంభాషణను మనం ఎంతగానో తలచుకొన్నాము. మనస్సుకు వచ్చే వ్యాధి విషయంలో మాత్రం దానిని మరచిపోతున్నాము. జ్వరం వస్తే మందు వేసుకోవడం తవక్కుల్‌కు భంగం కానప్పుడు, నిద్ర పట్టనివాడు వైద్యుని చూడడం ఎట్లు భంగమవుతుంది?

ఈ ప్రశ్నను వెయ్యి సంవత్సరాల క్రిందటే ఒక ముస్లిం పండితుడు వేశాడంటే ఆశ్చర్యం కలుగక మానదు. ఆయన పేరు అబూ జైద్ అల్ బల్ఖీ. నేటి అఫ్ఘనిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతంలో 850 సంవత్సర ప్రాంతంలో జన్మించి, 934 లో మరణించాడు. దేహాత్మల ఆరోగ్యాన్ని గురించి ఆయన అరబ్బీలో ఒక గ్రంథం వ్రాశాడు. తన కాలపు వైద్యులు దేహాన్ని మాత్రమే పట్టించుకొని మనస్సును వదలివేస్తున్నారని ఆయన ఆరోపణ. కోపం, భయం, దుఃఖం, ఒకే తలపు పదే పదే వచ్చి పీడించడం అని మనోవ్యాధులను విభజించి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క అధ్యాయం కేటాయించాడు. దుఃఖంలో కారణం తెలిసినది, కారణం తెలియనిది అని రెండు విధాలున్నాయనీ, రెండవదాని మూలం దేహంలోనే ఉండవచ్చుననీ చెప్పాడు. మందులను ముందుగా ఇంట సమకూర్చుకొన్నట్లే, మనస్సు నిమ్మళంగా ఉన్న దినాలలో ధైర్యమిచ్చే ఆలోచనలను కూడబెట్టుకోవాలని ఆయన సలహా. భయాన్ని గురించి ఆయన చెప్పిన దృష్టాంతం చక్కనిది. చలిదేశానికి పోయిన ఎడారివాసి దట్టమైన పొగమంచును మొదటిసారి చూచి, అది దాటరాని గోడ అనుకొంటాడు. లోనికి అడుగు పెట్టిన తరువాత అది తాను రోజూ పీల్చే గాలి వంటిదే, కాస్త తడిసిన గాలి అని తెలుసుకొంటాడు. ఈ గ్రంథపు వ్రాతప్రతి ఇస్తాంబుల్‌లోని ఆయాసోఫ్యా సంచయంలో ఉండిపోగా, 1984 లో ఫ్రాంక్‌ఫర్ట్ నుండి దాని ప్రతిబింబ ముద్రణ వెలువడినది. 2013 లో మానసిక శాస్త్రజ్ఞుడు మాలిక్ బద్రీ దానిలోని మనస్సుకు సంబంధించిన భాగాన్ని ఆంగ్లంలోనికి తెచ్చాడు. మన గ్రంథాలయానికి దీనిని తెప్పించవలసిందిగా కళాశాల కమిటీవారికి ఈ సందర్భంగా మనవి చేస్తున్నాను.

అధ్యాపకుడనైన నాకు ఇమామ్ గజాలీ అనుభవం ఇంకా దగ్గరగా తోస్తుంది. 1091 లో బాగ్దాదులోని నిజామియా మదరసాలో ఆయన ఆచార్య పదవిని అలంకరించాడు. మూడు వందలమంది శిష్యులు, దేశమంతటా కీర్తి. 1095 లో ఒకనాడు పాఠం చెప్పబోతే నాలుక కదలలేదు. క్రమంగా ఆహారం కూడ గొంతు దిగలేదు. కీర్తి ఒకవైపు, పరలోక చింతన ఒకవైపు లాగుతుండగా సుమారు ఆరు మాసాలు నలిగిపోయానని ఆయనే స్వీయ రచనలో దాచకుండా వ్రాసుకొన్నాడు. మనస్సులో పుట్టిన బాధ దేహానికి ఎక్కినది కనుక మనస్సు తేలికపడితే తప్ప మందు లేదని వైద్యులు తేల్చారు. ఆ ఏడాదిలోనే ఆయన పదవి విడిచి డెమాస్కస్ వెళ్ళాడు. మళ్ళీ నిషాపూర్‌లో బోధన ప్రారంభించినది 1106 లో. అంతటి విద్వాంసునికి కోలుకొనడానికి ఇంత కాలం పట్టినపుడు, ఇరువది ఏండ్ల విద్యార్థి వారంలో బాగుపడకపోతే మనం విసుగు చెందడం న్యాయమా?

ఇంతకూ నమాజు ఏమి చేస్తుంది? ఏదైనా విషయం బాధపెట్టినప్పుడు దైవప్రవక్త (స) నమాజుకు ఉపక్రమించేవారని హదీసులలో ఉన్నది. భయంతో పరుగెత్తే తలపులను నమాజు రోజుకు ఐదు పర్యాయాలు ఆపుతుంది. నిలబడడం, వంగడం, నుదురు నేలకు ఆన్చడం, ప్రతి భంగిమలో కుదురుగా ఆగడం వలన ఊపిరి కూడ నెమ్మదిస్తుంది. జమాఅత్‌లో భుజానికి భుజం కలిపి నిలబడినవాడు తాను ఒంటరినన్న తలపును కొంతసేపైనా మరచిపోతాడు. జిక్ర్ వలన హృదయాలు నెమ్మదిస్తాయన్న ఖుర్ఆన్ వాక్కు అనుభవైకవేద్యం. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. వుజూ సరిగా జరిగినదో లేదోనని పదిమార్లు చేతులు కడుగుకొనేవారిని, నియ్యత్ తప్పినదేమోనని నమాజును మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టేవారిని మనం చూస్తుంటాము. ఇంటివారు దానిని భక్తి అనుకొంటారు. అది 'వస్‌వసా'. దానిని లెక్కచేయవద్దనే పూర్వ పండితులు బోధించారు. ఇబ్నుల్ జౌజీ దీనిని షైతాన్ పన్నిన మోసాలలో చేర్చాడు. నేటి వైద్యులు దీనిని చికిత్సకు లొంగే వ్యాధిగా గుర్తించారు. అటువంటివారిని ఇంకా ఎక్కువగా ఆరాధన చేయుమని ప్రోత్సహిస్తే బాధ పెరుగుతుందే కాని తగ్గదు.

మన ప్రాంతంలో మరొక చిక్కు ఉన్నది. హైదరాబాదులో "ఎర్రగడ్డ" అన్న మాట పరిహాసానికి వాడే మాట అయిపోయినది. అక్కడి మానసిక వైద్యశాల పేరు తలచడానికే కుటుంబాలు జంకుతాయి. ఆడపిల్లల విషయంలో సంబంధాలు తప్పిపోతాయన్న భయం అదనం. నజర్ తగిలినదని కొంతకాలం, పని ఒత్తిడి అని కొంతకాలం గడిపి, చివరకు చదువు ఆగిన తరువాత వైద్యుని వద్దకు పోతారు. ప్రతి వ్యాధికీ దైవం మందు సృష్టించాడు, చికిత్స చేయించుకొనండి అని బోధించిన ప్రవక్త అనుచరులకు ఈ సంకోచం తగదు. నిద్ర, ఆకలి రెండు వారాలకు మించి చెడినా, చదువు సాగకపోయినా ఆలస్యం చేయరాదు. చనిపోవాలన్న తలపు ఒక్కసారి వచ్చినా ఆ పూటే ఇంటివారికి చెప్పాలి, వైద్యుని కలవాలి. ఇంటిలో చెప్పుకోలేనివారి కోసం 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ ఉన్నది. 14416 సంఖ్యకు ఏ వేళనైనా ఫోను చేసి ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చును.

ఆ విద్యార్థి సంగతి చెప్పలేదు కదూ. అతనిని వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళినది నేను కాదు, అతని మామూ. మరుసటి సంవత్సరం వచ్చి పరీక్ష వ్రాశాడు. ఒక సాయంత్రం మసీదు మెట్ల వద్ద కనిపిస్తే, ఆనాటి నా మాటలకు క్షమించుమని అడిగాను. "మీరు మంచే చెప్పారు సార్, నాకే సగం వినిపించింది" అన్నాడు. ఇషా నమాజు చేసి, మాత్ర వేసుకొని పడుకొంటున్నాననీ, నిద్ర దేనివలన వస్తున్నదో మాత్రం లెక్క చూడడం లేదనీ చెప్పి నవ్వాడు.