సీరియల్ విని ఒట్టేసుకున్న ఊరు

1996 డిసెంబరులో ఢిల్లీ ఆకాశవాణికి ఓ ఉత్తరం అందింది. ఉత్తరం కాదు, పోస్టరే అనాలి. పంపింది ఉత్తరప్రదేశ్‌లోని లుత్సాన్ గ్రామం. కట్నం ఇవ్వం, పుచ్చుకోం అంటూ 184 మంది పెట్టిన సంతకాలు, వేలిముద్రలు దానిమీద ఉన్నాయి. వాళ్లనలా కదిలించింది చట్టమూ కాదు, ఏ అధికారి ఉపన్యాసమూ కాదు. ‘తిన్‌కా తిన్‌కా సుఖ్’ అనే రేడియో సీరియల్. అందులో పూనమ్ అనే కొత్త కోడలు అత్తింటివారి కట్నం వేధింపులు భరించలేక ప్రాణం తీసుకుంటుంది.

ఈ తరహా కథలకు ఒక పద్ధతి ఏర్పరచినవాడు మెక్సికో టీవీ రచయిత, దర్శకుడు మిగెల్ సబీదో. కుటుంబ నియంత్రణ మీద 1977లో ‘అకొంపాన్యమె’ అనే సీరియల్ తీశాడు. ఆయన కథల్లో మంచివాళ్లుంటారు, చెడ్డవాళ్లుంటారు. కానీ బరువంతా మధ్యలో ఊగిసలాడే మనిషి మీదే. తప్పటడుగు వేసి, దెబ్బతిని, మెల్లగా మారే ఆ మనిషిలోనే ప్రేక్షకుడు తనను చూసుకుంటాడు.

ఆ పద్ధతే 1984లో ‘హమ్ లోగ్’గా దూరదర్శన్‌కు వచ్చింది. ప్రతి ఎపిసోడ్ చివర నటుడు అశోక్ కుమార్ కనిపించి నాలుగు ముక్కలు చెప్పేవారు. జనం సుమారు 4 లక్షల ఉత్తరాలు రాశారు. అయితే మొదట్లో కుటుంబ నియంత్రణ బోధ మితిమీరిందని ప్రేక్షకులు విసుక్కోవడంతో, 13 ఎపిసోడ్ల తరవాత దాన్ని తగ్గించాల్సి వచ్చింది. అసలు తమాషా భగవంతి పాత్రది. అన్నీ దిగమింగే ఆ ఇల్లాలిని చూసి ఆడవాళ్లు ‘ఇదేం బతుకు’ అనుకోవాలన్నది రచయితల ఉద్దేశం. చాలామంది ‘ఇల్లాలంటే ఇలా ఉండాలి’ అనుకున్నారు! అరవింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ పరిశోధనలో తేలిన సంగతి ఇది. రచయిత ఒకటి తలిస్తే ప్రేక్షకుడు మరొకటి తలుస్తాడు మరి.

ఇంతకీ సీరియళ్లతో మనుషులు మారతారా? దీనికి గట్టి జవాబు టాంజానియాలో దొరికింది. ‘ట్వెండె నా వకాటి’ అనే రేడియో సీరియల్ అక్కడ 1993లో మొదలైంది. ఊరూరా స్త్రీలతో తిరిగి చివరికి ఎయిడ్స్ తెచ్చుకునే లారీ డ్రైవర్ మ్క్వాజు, కష్టాల్లోంచి తన కాళ్ల మీద నిలబడే అతని భార్య తును అందులో ముఖ్యులు. దేశమంతా విన్న ఈ సీరియల్‌ను డొడోమా ప్రాంతంలో మాత్రం, పోల్చి చూడటానికి, 1995 దాకా కావాలనే ప్రసారం చేయలేదు. సీరియల్ విన్న ప్రాంతాల్లో కుటుంబ నియంత్రణ పాటించేవాళ్లు పెరిగారు, ఎయిడ్స్ జాగ్రత్తలూ పెరిగాయి. డొడోమాలో ఆ మార్పు అంతగా కనబడలేదు. అక్కడా ప్రసారం మొదలయ్యాకే కనబడింది.

లుత్సాన్‌లో మాత్రం ఒట్టు వేసినంత తేలిగ్గా కట్నం పోలేదు. అక్కడికెళ్లిన పరిశోధకులు మాటకూ చేతకూ మధ్య దూరాన్ని చూశారు. కథ ఊళ్లో చర్చను పుట్టించగలదు. పెళ్లి బేరం దగ్గర నిలబడాల్సింది ఊరివాళ్లే. అలాగే సీరియల్ విని ఆస్పత్రికి వెళ్లిన మనిషికి అక్కడ తలుపు తీసి ఉండాలి, మందు దొరకాలి. ఆ పని నాటకం చెయ్యలేదు.

మన ప్రభుత్వ ఆరోగ్య నాటికల్లో చివరి రెండు నిమిషాలు డాక్టరుగారో సర్పంచిగారో వచ్చి పాఠం చెబుతారు. శ్రోత చెవి అక్కడే మూసుకుంటుంది. స్క్రిప్టులు ఆమోదించే పెద్దలు ఆ రెండు నిమిషాలూ కొట్టేసి, ఎటూ తేల్చుకోలేక గుమ్మంలో నిలబడ్డ కోడలికి ఇవ్వండి.