నగరం నడుమ దుప్పులు: కాపాడడమా? కట్టడి చేయడమా?

చెన్నై నగరంలో అడయారు, గిండీ, వేళచ్చేరి, తరమణి ప్రాంతాలలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఒక దృశ్యం సుపరిచితం. సాయంసంధ్య వేళ ప్రహరీగోడకు ఆవల చెట్ల సందున నాలుగైదు చుక్కల దుప్పులు మెడలెత్తి చూస్తుంటాయి. మేడమీది పిల్లలు కేరింతలు కొడతారు. అదే మేడలో నివాసుల సమావేశం జరిగితే మాత్రం మాట రెండుగా చీలుతుంది. "ఇది వాటి అడవి, మనమే వచ్చి చేరాము" అని కొందరు, "సంఖ్య మితిమీరింది, కుక్కల పాలై, ప్లాస్టిక్ తిని చస్తున్నాయి, వేరే అడవికి తరలించండి" అని మరికొందరు. ఉభయులదీ జీవకారుణ్యమే. అయినా పరిష్కారం కుదరదు. ఎందుకు కుదరదో, చట్టమూ శాస్త్రమూ ఏమంటున్నాయో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఏది జింక? ఏది దుప్పి?

వాడుకలో రెంటినీ జింక అనే అంటాము. శాస్త్రరీత్యా అవి వేర్వేరు కుటుంబాలకు చెందినవి. చుక్కల దుప్పి కొమ్ములు శాఖలుగా చీలి ఉంటాయి, మగవాటికే వస్తాయి, రాలిపోయి మరల మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ములు మెలితిరిగి ఉంటాయి, జీవితాంతం రాలవు. దుప్పి చెట్ల నీడను, పొదల చాటును కోరుతుంది. గడ్డితోపాటు ఆకులు, రాలిన పూలు, పండ్లు కూడా తింటుంది. కృష్ణజింకకు బయలు కావాలి. దూరం నుండి శత్రువును చూసి పరుగెత్తడమే దానికి రక్ష.

కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు. ఈ రెండూ ఒకే ఆవరణలో నివసించే మహానగరం చెన్నై కావడం తెలుగువారికి ఆసక్తి కలిగించే విషయమే. వివాదానికి మూలం కూడా ఈ భేదంలోనే ఉన్నది. నగరపు అడవి ఒకదానికి అనుకూలించి, రెండవదానికి ప్రతికూలించింది.

గోడలు లేచిన అడవి

గిండీ అడవి కోరమాండల్ తీరపు మెట్ట సతతహరిత అరణ్యానికి మిగిలిన కొద్దిపాటి శేషాలలో ఒకటి. బ్రిటిషువారి కాలంలో వేటకు కేటాయించిన ఈ భూమి 1910లో రక్షిత అరణ్యమైనది. అప్పటి విస్తీర్ణం సుమారు 505 హెక్టార్లు. స్వాతంత్ర్యానంతరం విద్యాసంస్థలకు, స్మారక మందిరాలకు భూములు కేటాయించగా అడవి ముక్కలైనది. 1959లో నెలకొన్న ఐఐటీ ఆవరణ అట్టి భూమియే. మిగిలిన 270 హెక్టార్లు 1978లో జాతీయ ఉద్యానమైనవి. జాతీయ ఉద్యానం, రాజభవనం, ఐఐటీ పక్కపక్కనే ఉన్నా వాటి నడుమ గోడలు ఉన్నాయి. మనిషికి అవి హద్దులు. దుప్పులకు మేత మార్గాలను మూసివేసిన అడ్డుకట్టలు.

చుక్కల దుప్పులను 1940ల చివరలో రాజభవన ఆవరణకు తెచ్చి విడిచినట్లు చెబుతారు. 2004 ఫిబ్రవరిలో జరిగిన గణనలో ఈ ప్రాంతమంతటా దుప్పులు 2,650, కృష్ణజింకలు 405 అని తేలింది. తరువాతి కాలంలో కృష్ణజింకలు తగ్గుముఖం పట్టాయి. బయలు ఉన్న చోట చెట్లు నాటడం, సర్కారు తుమ్మ వంటి పరదేశపు మొక్కలు అల్లుకుపోవడం అందుకు ముఖ్యకారణాలు. మొక్క నాటడం ఎల్లప్పుడూ పుణ్యకార్యమే అని నమ్మే మనకు ఇది కొంత వింతగా తోచవచ్చు. పచ్చికబయలును తోటగా మార్చితే కృష్ణజింక ఇల్లు కూలినట్లే.

సంఖ్య ఎట్లు పెరుగుతుంది?

దుప్పికి ఏడాది పొడవునా ఈత కాలమే. గర్భం ఏడెనిమిది నెలలు. సాధారణంగా ఒక పిల్ల. ఇది చిన్న లెక్కగా కనిపించవచ్చు. నూరు దుప్పుల మందలో ఏబది ఆడవి అనుకొందాము. ఏటా ఒక్కొక్క పిల్ల పుట్టి అందులో సగమే బ్రతికినా, పెద్దవాటి మరణాలను పక్కన పెడితే, నూరు మొదటి ఏట 125, రెండవ ఏట 156, మూడవ ఏట 195 అవుతుంది. అడవిలో పులి, చిరుత, రేచుకుక్క ఈ పెరుగుదలను అదుపులో ఉంచుతాయి. గిండీలో పెద్ద వేటజంతువు లేదు. నక్కలు, కొండచిలువలు పిల్లలను కొన్నిటిని తీయగలవే గాని మందను అదుపు చేయలేవు.

అందువలన అదుపు వేరే రూపాలలో వస్తుంది. వీధికుక్కలు, వాహనాలు, చెత్తకుండీలు ఇక్కడి పులులు. ఆహారపు వాసన పట్టిన ప్లాస్టిక్ సంచిని దుప్పి నమిలి మింగుతుంది. అది నెమరువేసే జంతువు గనుక ఆ సంచి మొదటి కడుపులో ముద్దయి నిలిచిపోతుంది. కడుపు నిండినట్లే ఉంటుంది, ఒంటికి మాత్రం ఆహారం అందదు. మృతకళేబరాలను కోసి చూసిన పశువైద్యులకు కిలోలకొద్దీ ప్లాస్టిక్ కనిపించిన సందర్భాలు ఉన్నాయి. కిక్కిరిసిన మందలలో రోగభయం కూడా అధికం. 2022 మార్చిలో ఐఐటీ ఆవరణలో కొన్ని దుప్పులు వరుసగా చనిపోగా దొమ్మరోగమేమోనన్న అనుమానంతో పరీక్షలు జరిపించవలసి వచ్చింది.

కుక్కల సమస్య మరింత జటిలం. కుక్కలను తొలగిస్తే దుప్పులు బ్రతుకుతాయని ఒక వర్గం, కుక్కకు మాత్రం ప్రాణం లేదా అని మరొక వర్గం. 2020-21 ప్రాంతంలో ఆ ఆవరణలోని కుక్కలను పట్టి ఒకచోట ఉంచినప్పుడు ఈ వాదం న్యాయస్థానం వరకు వెళ్లింది. ఇరువైపులా జంతు ప్రేమికులే వాదులు కావడం ఇందులోని విశేషం.

చట్టం ఏమంటున్నది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టడం, తరమడం, ఉచ్చు పన్నడం, ఎరవేయడం కూడా వేటే. కనుక నివాసుల సంఘం తీర్మానం చేసి దుప్పులను వలవేసి పట్టించి దూరంగా విడిపించడం నేరమవుతుంది. 2022 సవరణ తరువాత సాధారణ ఉల్లంఘనకు మూడేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. కృష్ణజింక మొదటి షెడ్యూలులో అత్యున్నత రక్షణ పొందిన ప్రాణి. దానికి హాని చేస్తే కనీస శిక్షే మూడేండ్లు. దుప్పి అంతకు దిగువ స్థాయిలో ఉన్నా రక్షిత ప్రాణియే.

అయితే చట్టం చేతులు కట్టివేయలేదు. జనాభా నియంత్రణకు, అనువైన మరొక తావుకు తరలించడానికి, చంపకుండా జరిపే శాస్త్రీయ నిర్వహణకు పన్నెండవ సెక్షను అవకాశం ఇస్తున్నది. అనుమతి ఇవ్వవలసింది రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షకుడు. మానవప్రాణానికి, ఆస్తికి ముప్పు ఉన్నప్పుడు పదకొండవ సెక్షను వర్తిస్తుంది. పూలమొక్కలు మేసినంత మాత్రాన అట్టి అనుమతి దొరకదు.

తరలింపు: ఢిల్లీ నేర్పిన పాఠం

"అడవికి తరలించండి" అనడం వినడానికి సులువైన మాట. ఢిల్లీలోని హౌజ్ ఖాస్ జింకల పార్కు చరిత్ర చూస్తే అందులోని చిక్కు తెలుస్తుంది. 1960లలో ఆరు దుప్పులతో మొదలైన ఆ పార్కులో 2023 నాటికి వాటి సంఖ్య సుమారు 600కు చేరింది. రక్తసంబంధమున్న వాటి నడుమనే సంతానం కలుగుతున్నదని, రోగభయం ఉన్నదని, శిక్షణ పొందిన సిబ్బంది లేరని 2023 జూన్‌లో కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ దాని గుర్తింపును రద్దు చేసింది. దుప్పులను రాజస్థాన్ అడవులకు తరలించసాగారు. 261 దుప్పులు వెళ్లాయి. మార్గమధ్యంలో వాటిని ఉంచిన తీరుపై, గర్భిణులను, పిల్లలను సైతం తీసుకుపోవడంపై ఆక్షేపణలు వచ్చాయి. తరతరాలుగా కంచెలో పెరిగి పులి వాసన ఎరుగని దుప్పిని పులుల అడవిలో విడవడం పునరావాసమా, మేత సరఫరాయా అన్న ప్రశ్న తలెత్తింది. చివరకు 2025 నవంబరులో సుప్రీంకోర్టు తరలింపును నిలిపివేయించి, పార్కులోను, పంపిన చోట్లలోను పరిస్థితిని పరిశీలించవలసిందిగా కేంద్ర సాధికార కమిటీని ఆదేశించింది.

దుప్పిని పట్టడమే ఒక గండం. భయంతో పెనుగులాడినప్పుడు దాని కండరాలు దెబ్బతిని, గాయమేదీ లేకుండానే గంటల్లోనో రోజుల్లోనో ప్రాణం పోవచ్చు. అందువలన నిపుణులు దక్షిణాఫ్రికా నుండి వచ్చిన బోమా పద్ధతిని మేలు అంటారు. విశాలంగా మొదలై క్రమంగా ఇరుకయ్యే గరాటు వంటి ఆవరణలోకి మందను మెల్లగా మళ్లించి, చేయి తగలకుండానే వాహనంలోకి ఎక్కించడం దీని కిటుకు. 2025లో మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్ ప్రాంతంలో హెలికాప్టరు సాయంతో ఎనిమిది వందలకు పైగా కృష్ణజింకలను ఇట్లే పట్టి అభయారణ్యాలకు చేర్చారు. అది విశాలమైన పంటభూముల సంగతి. మేడల నడుమ, గోడల నడుమ అదే పని అంత సులువు కాదు.

ఇతర దేశాల అనుభవం

అమెరికా శివారు పట్టణాలలో ఈ వివాదం మనకంటె పాతది. అక్కడి తెల్లతోక దుప్పులు కార్లకు అడ్డు రావడం, లైమ్ వ్యాధిని మోసే గోమార్లకు ఆశ్రయమివ్వడం ప్రధాన ఫిర్యాదులు. న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్ 2001లో గురితప్పని తుపాకిగాండ్రను నియమించగా ఊరు రెండుగా చీలి, వ్యాజ్యాలు నడిచాయి. న్యూయార్కు నగరం 2016 నుండి స్టాటెన్ ఐలండులో మగదుప్పులకు శస్త్రచికిత్స చేయించే మార్గం ఎంచుకున్నది. మరికొన్ని చోట్ల ఆడదుప్పులకు గర్భనిరోధక టీకాలు వేశారు. నీటితో చుట్టబడిన దీవిలో, కంచె లోపల ఈ పద్ధతులకు ఫలితం కనిపించే అవకాశం ఎక్కువ. బయటి నుండి కొత్త దుప్పులు వచ్చే చోట తక్కువ. ఖర్చు ఎక్కువ, ఏండ్లు పడుతుంది.

ఏమీ చేయకపోవడం కూడా నిర్ణయమే. అండమాన్ దీవులకు బ్రిటిషువారు తెచ్చిన చుక్కల దుప్పులు, వేటజంతువు లేనందున విపరీతంగా పెరిగి, మొలకలను మేసి అడవి పునరుత్పత్తికే ఆటంకమైనవి.

పల్లె బాధ వేరు

ఇక్కడ ఒక విషయం మరువరాదు. నగరవాసికి దుప్పి వినోదమో, విసుగో మాత్రమే. సరిహద్దు రైతుకు అది కూటి ప్రశ్న. నారాయణపేట జిల్లా కృష్ణా తీరంలోను, ఆవలనున్న రాయచూరు ప్రాంతంలోను కృష్ణజింకల మందలు మొలకెత్తిన చేలను మేసిపోతున్నవని రైతులు మొరపెట్టుకుంటున్నారు. అదే ప్రాణిని ఒడిశాలోని గంజాం జిల్లాలో భేట్నోయి, బలిపదర్ గ్రామాల వారు శుభసూచకంగా భావించి, పంట కొంత పోయినా తరమకుండా కాపాడుతూ వస్తున్నారు. జింక తిరిగిన ఊరికి వాన కురుస్తుందని వారి నమ్మకం. ఆ సహనం మెచ్చదగినదే. అయితే సహనం ఉన్నంత మాత్రాన నష్టపరిహారం అక్కరలేదనరాదు.

నివాసులు చేయదగినవి

పెద్ద నిర్ణయాలు ప్రభుత్వానివి. అయినా మరణాలలో ఎక్కువ భాగం మన వాకిట జరిగేవే గనుక మన చేతిలోనూ కొంత ఉన్నది. చెత్తకుండీలకు మూతలు ఉండాలి. వండిన ఆహారాన్ని ప్లాస్టిక్ సంచులలో పారవేయరాదు. ప్రేమతో అన్నం, రొట్టె, బిస్కత్తులు పెట్టడం మానాలి. అది దుప్పిని రోడ్డుకు, కుక్కకు చేరువ చేస్తుంది. లోపలి రోడ్లమీద రాత్రివేళ వేగం తగ్గించాలి. కుక్కలకు శస్త్రచికిత్సలు, టీకాలు క్రమంగా జరిపించి, వాటికి మేత పెట్టే చోట్లను అడవి అంచుకు దూరంగా జరపాలి. పొదలో ఒంటరిగా పడుకున్న దుప్పిపిల్ల కనబడితే తల్లి విడిచిపోయిందని భ్రమపడి ఎత్తుకురారాదు. తల్లి పిల్లను దాచి మేతకు వెళ్లడం సహజం. గాయపడిన దానిని చూస్తే గుమిగూడక అటవీశాఖకు తెలపాలి.

సమావేశాలలో వాదనకు ముందు రెండు ప్రశ్నలు వేసుకోవడం మేలు. మన దగ్గర నేడు ఎన్ని దుప్పులు ఉన్నాయి? గత ఏడాది ఎన్ని, ఏ కారణం చేత చనిపోయాయి? ఈ రెంటికీ జవాబు లేకుండా తరలింపు కోరేవారిదీ, వద్దనేవారిదీ చీకటిలో విసిరిన రాయే. ఏటా ఒకే కాలంలో, ఒకే పద్ధతిలో గణన జరిపి, ఫలితాలను నివాసుల ముందు ఉంచమని అధికారులను కోరడం ఇరువర్గాలూ కలిసి చేయదగిన పని. మందకు సరిపడ మేత లేదని తేలితే అప్పుడు నియంత్రణ గురించి ధైర్యంగా మాట్లాడవచ్చు. చెత్తయే చంపుతున్నదని తేలితే ముందు మన కుండీకి మూత వేసుకొందాము.