పైలట్‌కు గంటలొక్కటే కొలమానమా?

నిన్న లైసెన్సు తెచ్చుకున్న కుర్రవాడికి నిండు లోడు లారీ అప్పగించి ఘాట్ రోడ్డు ఎక్కించమని ఏ యజమానీ చెప్పడు. కొన్నాళ్ళు పెద్ద డ్రైవరు పక్కన కూర్చుని చేయి తిరిగాకే స్టీరింగు దక్కుతుంది. వందలాది ప్రాణాలను మోసే విమానానికీ ఇదే పద్ధతి. పనులకు గల్ఫ్ వెళ్ళేవారు, పిల్లల్ని చూడడానికి అమెరికా వెళ్ళే తల్లిదండ్రులు పల్లెల్లో సైతం ఉన్న ఈ రోజుల్లో, పైలట్‌కు ఎంత అనుభవం ఉండాలన్నది మన ఇళ్ళకు సంబంధించిన విషయమే.

200 గంటలతో మొదలు

మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు కావాలంటే 18 ఏళ్ళు నిండాలి. కనీసం 200 గంటలు విమానం నడిపి ఉండాలి. వైద్య పరీక్షలోను, రాత పరీక్షల్లోను నెగ్గాలి. ఆపైన తాను నడపబోయే రకం విమానంపై విడిగా శిక్షణ పొంది, కో-పైలట్‌గా కుడివైపు సీట్లో కూర్చుంటారు. కెప్టెన్‌కు కావలసిన పై లైసెన్సుకు 1500 గంటల అనుభవం తప్పనిసరి.

అనుభవం కాపాడింది

2009 జనవరి 15న న్యూయార్కులో ఒక విమానం పైకి లేచిన కాసేపటికే పక్షుల గుంపు తగిలి రెండు ఇంజన్లూ దెబ్బతిన్నాయి. విమానాశ్రయం చేరే వ్యవధి లేదని గ్రహించిన కెప్టెన్ సల్లెన్‌బర్గర్ దాన్ని హడ్సన్ నదిలో దింపారు. పక్షులు తగిలింది మొదలు నీటిని తాకేవరకు పట్టిన సమయం నాలుగు నిమిషాలు కూడా లేదు. అందులోని 155 మందీ బతికారు. అప్పటికి ఆయన అనుభవం 19 వేల గంటల పైమాటే.

గంటలున్నా తప్పని ముప్పు

కాగా నెల తిరగకుండానే, ఫిబ్రవరి 12న, అదే రాష్ట్రంలోని బఫెలో వద్ద మరో విమానం కూలి 50 మంది మరణించారు. వేగం తగ్గిపోతోందని కంట్రోలు వణుకుతూ హెచ్చరించింది. అప్పుడు దాన్ని ముందుకు నెట్టి, ముక్కు దించి వేగం పెంచాలి. కెప్టెన్ వెనక్కి లాగారు. అదే కొంప ముంచింది. ఆ కెప్టెన్‌కు మొత్తం 3 వేల గంటలకు పైగా అనుభవం ఉన్నా, ఆ రకం విమానంపై సుమారు 110 గంటలే. అంతకుముందు కొన్ని పరీక్షల్లో తప్పారు కూడా.

ఈ దుర్ఘటన దరిమిలా అమెరికా 2010లో చట్టం చేసి, 2013 నుంచి కో-పైలట్‌లకు సైతం సాధారణంగా 1500 గంటలు ఉండాలన్నది. అయితే కూలిన విమానంలోని ఇద్దరికీ అంతకు మించే గంటలున్నాయి గదా అని ప్రశ్నించినవారూ ఉన్నారు.

మన మంగళూరు ఇందుకు మరో ఉదాహరణ. 2010 మే 22న దుబాయి నుంచి వచ్చిన విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది మృతి చెందారు. బతికినవారు 8 మందే. కెప్టెన్‌కు 10 వేల గంటలకు పైగా అనుభవం. ప్రయాణంలో ఆయన చాలాసేపు నిద్రపోయారని, విమానం మరీ ఎత్తులో వస్తోందని, దిగకుండా మళ్ళీ పైకి లేపమని కో-పైలట్ హెచ్చరించినా వినలేదని దర్యాప్తులో తేలింది.

ఏ గంటలు లెక్క?

మంచి వాతావరణంలో ఒకే దారిన వెయ్యి గంటలు తిరిగితే వచ్చే అనుభవం వేరు. ఇంజన్ ఆగితే, గాలివాన ముసిరితే ఏం చేయాలో సాధన చేసిన గంటలు వేరు. అందుకే సిమ్యులేటర్ అనే యంత్రంలో నేలమీదనే ప్రమాదాలు కల్పించి పైలట్‌లకు తర్ఫీదు ఇస్తారు. ఎంత సీనియరైనా ఏడాదికి రెండుసార్లు పరీక్షకు నిలబడవలసిందే. చిన్నవాడు చెప్పినా వినే గుణం కూడా ఇప్పుడు శిక్షణలో భాగమే.

2011లో మన దేశంలో నకిలీ మార్కుల జాబితాలతో లైసెన్సులు పొందినవారు పట్టుబడ్డారు. ఎగరని గంటలను ఎగిరినట్టు రాయించుకున్న బాగోతమూ బయటపడింది. పిల్లల్ని పైలట్‌లను చేయాలని పొలాలమ్మి లక్షలు కట్టే తల్లిదండ్రులు ముందుగా వైద్య పరీక్ష చేయించడం, ఆ స్కూలుకు పౌర విమానయాన డైరెక్టర్ జనరల్ అనుమతి ఉందో లేదో చూసుకోవడం మంచిది. త్వరగా గంటలు పూర్తి చేయిస్తామనే మాటకు మోసపోరాదు. పుస్తకంలో రాసిన గంటలు ఉద్యోగం ఇప్పించవచ్చునేమో గాని, ఆపద వేళ ఆదుకునేది నిజంగా నేర్చిన విద్యే.