మాత్రకు మచ్చ పడితే తప్పు పొయ్యిదేనా?

శ్రావణమాసంలో ఒక గృహిణి సి విటమిన్ మాత్రల సీసాతో మా వైద్యశాలకు వచ్చారు. తెల్లని మాత్రలపై గోధుమరంగు మచ్చలు ఏర్పడినవి. పొయ్యి పైనున్న అలమరలో ఉంచామనీ, వేడికి చెడినవేమోననీ, బాలింతరాలైన కోడలికి ఇవ్వవచ్చునా అనీ అడిగారు.

వేడి ఒక్కటే కారణమనుట సరికాదు. ఆస్కార్బిక్ ఆమ్లమనే ఈ విటమిన్ పొడిగా, శుద్ధంగా ఉన్నప్పుడు సుమారు 190 డిగ్రీల సెంటిగ్రేడు వద్దగాని కరగదు, కరుగుతూనే విచ్ఛిన్నమవుతుంది. మన వంటగది ఎంత కాగినా అందులో నాలుగవ వంతుకు మించుట అరుదు. మరి ఎందుకు చెడినది?

మాత్ర అంతా విటమిన్ కాదు. చూర్ణాన్ని అదిమి మాత్రగా నిలుపుటకు కలప గుజ్జు నుండి తీసిన సెల్యులోజు పొడిని తరచుగా కలుపుతారు. దూదిలోను, ఆకుకూరల పీచులోను ఉండేది ఈ పదార్థమే. చూపుకు పొడిగా ఉన్నా, గాలిలోని తేమను పట్టి ఉంచుట దాని స్వభావం. వర్షాకాలంలో ఆ తేమ పెరుగుతుంది. వేడి తగిలినప్పుడు అది కదలి విటమిన్ కణాలను చేరుతుంది. తడిసిన విటమిన్ ప్రాణవాయువుతో కలిసి క్షీణించుటకు 190 డిగ్రీలు అక్కరలేదు, వంటింటి వెచ్చదనమే చాలును. ప్రయోగశాలలో శుద్ధ విటమిన్‌ను క్రమంగా వేడిచేస్తే, కరిగే చోట అది వేడిని చప్పున పీల్చుకొన్న గుర్తు స్పష్టంగా కనబడుతుంది. సెల్యులోజు కలిపినప్పుడు ఆ గుర్తు మందగించి, కొంత తక్కువ వేడి వద్దనే కనబడవచ్చును.

అయితే సెల్యులోజు జాతినంతటినీ నిందించరాదు. దాని నుండే తయారయ్యే ఇథైల్ సెల్యులోజు నీటిలో కరగదు. విటమిన్ కణాలకు దానితో పూత పూస్తే తేమ, గాలి సులభంగా చేరలేవు.

ఉసిరికాయలోని సి విటమిన్ వేడికి చెడదని పూర్వం నేనూ ధీమాగా చెప్పేవాణ్ణి. అది అతిశయోక్తి. ఉడికిస్తే కొంత పోతుంది, ఎండబెడితే కొంత పోతుంది. రాగి తగిలితే మరింత త్వరగా పోతుంది గనుక ఉసిరి పచ్చడిని జాడీలోనే ఉంచవలెను.

మచ్చపడిన మాత్రలు వాడవద్దని ఆమెకు చెప్పాను. విషమని కాదు, వాటిలో బలమెంత మిగిలినదో తెలియదు. కొత్త సీసాను పొయ్యికీ, స్నానాల గదికీ దూరంగా ఉంచవలెను. తడిచేత్తో మాత్ర తీయరాదు. లోపలనున్న తేమ పీల్చే చిన్న సంచిని పారవేయరాదు. అసలు మాత్ర అవసరమా అన్నది కాన్పు చేసిన వైద్యురాలినే అడగమన్నాను. అంతవరకు పప్పు దించి, కొంచెం చల్లారిన తరువాత నిమ్మరసం పిండమన్నాను. బాలింతకు పులుపా అని ఆమె సందేహించారు. నాలుగు చుక్కలతో మొదలుపెట్టమన్నాను.