రెండు వందల కోట్ల ఏళ్ల నాటి వెలుగు

గార్ల స్టేషన్‌లో చలికాలం తెల్లవారుజామున రైలు కోసం నిలబడినవారికి ఒక సంగతి తెలుసు. మంచు దట్టంగా ఉంటే ఇంజను దీపం మసకబారి కనిపిస్తుంది. రైలు దూరాన ఉండగానే, దారిలో మంచు ఏపాటిదో ఆ దీపమే చెబుతుంది. ఆకాశంలో క్వాజార్లతో శాస్త్రజ్ఞులు చేస్తున్నదీ ఇంచుమించు ఇదే.

క్వాజారంటే నక్షత్రం కాదు. ఎక్కడో ఒక నక్షత్ర మండలం నడిబొడ్డున మహా బరువైన కృష్ణబిలం ఉంటుంది. అందులోకి సుళ్లు తిరుగుతూ పడే వాయువు కాగిపోయి, ఆ మండలంలోని చుక్కలన్నిటికంటె మిన్నగా వెలుగుతుంది. 1963లో అమెరికాలో మార్టెన్ ష్మిట్ '3సి 273' అనే దాని వెలుగును పరీక్షించారు. హైడ్రోజన్ గీతలు ఉండవలసిన చోట లేవు. నూటికి 16 పాళ్లు ఎరుపు వైపు జరిగి ఉన్నాయి. విశ్వం వ్యాకోచిస్తున్నందున దారిలో వెలుగు అలలు సాగాయన్నమాట. లెక్క గడితే ఆ వెలుగు బయలుదేరి సుమారు 200 కోట్ల ఏళ్లయింది. తెలంగాణ గుట్టల్లోని నల్లబండలు మాత్రం అంతకంటె పాతవి, 250 కోట్ల ఏళ్ల నాటివి!

మరీ దూరపు క్వాజార్ల వెలుగు వాయుమేఘాల గుండా వస్తుంది. ఏ మేఘం ఏ రంగును మింగిందో చూస్తే అందులో ఏమున్నదీ తేలుతుంది. పుణెలోని అయుకా సంస్థ శాస్త్రజ్ఞుడు శ్రీఆనంద్, విదేశీ సహచరులతో కలిసి 2000లో ఈ పద్ధతిన సుమారు 1,100 కోట్ల ఏళ్ల నాటి విశ్వం వేడిమిని కొలిచారు. పరమశూన్యం కంటె 6 నుంచి 14 డిగ్రీల మధ్య ఉన్నదని తేల్చారు. నేడది 3 డిగ్రీల లోపే. విశ్వం చల్లారుతూ వస్తున్నదనడానికి ఇది గట్టి సాక్ష్యం.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ ఈ ప్రాంతం మీదుగానే సాగింది. జపాల్-రంగాపూర్ వేధశాలకు శాస్త్రజ్ఞులు తరలిరాగా, పల్లెల్లో చాలామంది తలుపులు బిడాయించుకొని కూర్చున్నారు. గుమ్మం ముందుకొచ్చిన వింత అలా చేజారింది.

3సి 273 అలా కాదు, ఏటా వస్తుంది. కన్యారాశిలో, చిత్తా నక్షత్రానికి ఎగువన ఉంటుంది. ఉగాది రోజుల్లో వెన్నెల ఉండదు కనుక రాత్రి పది దాటాక చూడటం తేలిక. ఉత్త కంటికి అందదు. ఎనిమిది అంగుళాల దుర్భిణిలో చిన్న చుక్కగా కనిపిస్తుంది. చిక్కల్లా దీపాలతోనే. అంత దూరం నడిచొచ్చిన వెలుగు బజారు దీపాల ధాటికి ఆఖరి అడుగులో మాసిపోతుంది. బడులవారు ఒక దుర్భిణి సంపాదించి, పిల్లలను ఊరి దీపాలు దాటించి పొలాల వైపు తీసుకువెళ్లవచ్చు.